బండి ఎత్తు పెంచితే స్టీరింగ్ సంగతేమిటి?

వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, పొడుపు కథలు, జనరల్ నాలెడ్జి ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. ఈసారి మేము షెడ్డు విషయం ఒకటి రాయదలచుకున్నాం. మేము అంటే ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పూర్తిచేసి, ఐటిఐలో మోటారు మెకానిక్ ట్రేడు నేర్చుకుని, ఇప్పుడు నౌపడ, టెక్కలి చుట్టుపక్కల షెడ్లలో పనిచేసుకుంటున్న పాత విద్యార్థులం. మాలో డ్రైవర్లు కూడా ఉన్నారు. తమ్ముళ్ళలో చాలామంది సంక్రాంతి సెలవులకు కొండ ఊళ్ళకు వెళ్ళేది జీపుల మీద, పికప్పుల మీద. ఆ బళ్ళలో చాలావాటికి కమాన్లు పెంచి ఎత్తు లేపి ఉంటారు. ఎత్తు లేపిన బండికి స్టీరింగ్ ఎలా ఉండాలో ఎక్కేవాడికి కూడా తెలిస్తే మంచిది కదా అని ఈ వ్యాసం.

మన ప్రాంతంలో బండి ఎత్తు లేపడం సోకు కోసం మొదలవలేదు. ఒకవైపు ఉప్పు మడుల మధ్య గట్లు, వానొస్తే బురద. ఇంకోవైపు టెక్కలి నల్లరాయి, నీలిరాయి క్వారీల దారులు. ఇంకా మెళియాపుట్టి, సీతంపేట, మందస కొండల దారులు. 1990లలో, ఆ తరవాత కూడా కొండ ఊళ్ళకు సర్వీసు జీపులే దిక్కు. రాళ్ళకు డిఫరెన్షియల్ తగలకుండా, బరువుకు బండి కుంగకుండా కమాను కట్టలో ఒకటి రెండు పట్టీలు అదనంగా వేయించుకునేవారు. ఇప్పుడు రోడ్లు చాలావరకు బాగుపడ్డాయి. కానీ పట్టీలు ఎక్కించే అలవాటు పోలేదు. దానికి తోడు పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్లు వచ్చాయి.

నౌపడ అనగానే మనకు గుర్తొచ్చేది జంక్షను. ఇక్కడినుంచి పర్లాకిమిడికి గజపతి రాజులు 1900లో రెండున్నర అడుగుల పట్టాల చిన్న రైలు వేశారు. 1931లో అది గుణుపూర్ చేరింది. 2004లో ఆపి, బ్రాడ్ గేజ్‌గా మార్చి 2011లో మళ్ళీ నడిపారు. ఆ రైలుకు స్టీరింగ్ లేదు, పట్టా ఎటు తిరిగితే చక్రం అటు తిరుగుతుంది. రోడ్డు బండికి ఆ సౌకర్యం లేదు. డ్రైవరు చేతికీ చక్రానికీ మధ్య ఏడెనిమిది ముక్కలు కలిసి పనిచేస్తేనే బండి దారిలో ఉంటుంది.

ఆ ముక్కలేమిటో వరసగా చూద్దాం. స్టీరింగ్ చక్రం నుంచి కాలమ్ దిగి స్టీరింగ్ బాక్సులోకి వెళుతుంది. బాక్సు ఛాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. బాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్టుకు డ్రాప్ ఆర్మ్ అనే చెయ్యి ఉంటుంది. డ్రాప్ ఆర్మ్ ఊగితే లింకు రాడ్డు లాగుతుంది లేదా తోస్తుంది. లింకు రాడ్డు రెండో కొస చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్‌కు తగిలి ఉంటుంది. ఆ చక్రం తిరిగితే అడ్డంగా ఉన్న టై రాడ్డు రెండో చక్రాన్ని తిప్పుతుంది. ప్రతి కలయిక దగ్గర బాల్ జాయింటు ఉంటుంది. మన పాత జీపుల మూలం 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు. దానిలో యాక్సిల్ మధ్యన బెల్ క్రాంక్ అని ఇంకో ముక్క కూడా ఉండేది. దాని పిన్ను అరిగితే స్టీరింగ్ చక్రం అరచేయి వెడల్పు తిరిగినా ముందు చక్రం కదిలేది కాదు. అందుకే చాలామంది దాన్ని తీసేసి ఒకే పొడవు టై రాడ్డు వేయించారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటే. స్టీరింగ్ బాక్సు ఉన్నది కమాన్ల పైన, ఛాసిస్ మీద. చక్రాలు ఉన్నది కమాన్ల కింద, యాక్సిల్ మీద. కమాన్లు పెంచితే బాక్సు పైకి పోతుంది, చక్రం నేల మీదే ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే లింకు రాడ్డు అంతవరకు దాదాపు నేలకు సమాంతరంగా ఉన్నది కాస్తా ఏటవాలుగా మారుతుంది. ఎత్తు పెంచిన బళ్ళలో స్టీరింగ్ కష్టాలు చాలావరకు ఈ ఏటవాలు నుంచే పుడతాయి.

వాలితే ఏమవుతుందో తెలుసుకోవడానికి పదో తరగతి లెక్కలు చాలు. లింకు రాడ్డు పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం. ఎత్తు పెంచని బండిలో అది సమాంతరంగా ఉంది. చక్రం గతుకెక్కి యాక్సిల్ 5 సెంటీమీటర్లు లేచింది. రాడ్డు కర్ణం, 5 ఎత్తు. 60 వర్గం 3600, అందులోంచి 25 తీస్తే 3575, వర్గమూలం 59.79. అంటే అడ్డంగా కొలిస్తే రాడ్డు 2 మిల్లీమీటర్లు మాత్రమే తగ్గింది. ఇప్పుడు బండిని 10 సెంటీమీటర్లు ఎత్తు పెంచాం. రాడ్డు కింది కొస 10 సెంటీమీటర్లు దిగింది. 3600 లోంచి 100 తీస్తే 3500, వర్గమూలం 59.16. అదే గతుకు వచ్చి యాక్సిల్ 5 లేస్తే కొలత 59.79కి వెళుతుంది. తేడా 6 మిల్లీమీటర్ల పైన. గతుకు అదే, తేడా మూడు రెట్లు.

6 మిల్లీమీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది. స్టీరింగ్ ఆర్మ్ పొడవు 15 సెంటీమీటర్లు అనుకుంటే, డ్రైవరు చక్రం కదపకుండానే ముందు చక్రాలు దాదాపు రెండున్నర డిగ్రీలు తిరుగుతాయి. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లున్న జీపు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక్క సెకను ఆ కోణంలో ఉంటే మీటరుకు పైగా పక్కకు జరుగుతుంది. ఎత్తు పెంచని బండి అయితే ఒక అడుగు చిల్లర. నిజం బండిలో కమాను కూడా తన దారిన ఊగుతుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే రాదు, కానీ పెరిగే తీరు ఇదే. ఘాట్ దారి అంచుకూ టైరుకూ మధ్య ఉండే చోటు తరచు ఆ మీటరే.

మా షెడ్డుకు వచ్చే డ్రైవర్లు ముందుగా చెప్పేది ఈ మాటే: "మేస్త్రీ, కొత్త జాయింట్లు ఏసీసినా గతుకులో బండి పక్కకి లాగేత్తంది, ఏటిది?" మా పెద్ద మేస్త్రి జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "జాయింటు కాదు బావూ, రాడ్డు వాలు సూడు." మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఆయన అలా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. లావుపాటి రాడ్లు, ఖరీదైన జాయింట్లు, పవర్ స్టీరింగ్ ఇవన్నీ తరవాత. ముందు వాలు సరిచేయాలి. వాలు సరిచేయకుండా లావు రాడ్డు వేస్తే, ఆ లావు రాడ్డే చక్రాన్ని ఇంకా గట్టిగా పక్కకు తోస్తుంది.

వాలు తగ్గించడానికి దారులు రెండు. ఒకటి, బాక్సు కొసను కిందికి దించడం. దీనికి మామూలు దానికంటే ఎక్కువ వంపు ఉన్న డ్రాప్ ఆర్మ్ వేస్తారు. రెండోది, చక్రం కొసను పైకి లేపడం. దీనికి స్టబ్ పైభాగాన బిగించే ఎత్తైన స్టీరింగ్ ఆర్మ్ వేస్తారు. మొదటిది తేలిక, ఖర్చు తక్కువ. కానీ వంపు పెరిగినకొద్దీ బాక్సు షాఫ్టు మీద, దాని బుష్‌ల మీద వంచే బలం పెరుగుతుంది. అందుకని 5 సెంటీమీటర్ల వరకు ఎత్తు పెంచిన బండికే అది మాకు సమ్మతం. ఇంకా ఎక్కువైతే రెండోదే మేలు. అయితే కమాన్లు పూర్తిగా అణగినప్పుడు రాడ్డు ఛాసిస్‌కు గాని, కమానుకు గాని తగలకూడదు. జాకీతో యాక్సిల్‌ను ఆ ఎత్తుకు లేపి, చక్రాలు ఈ చివరినుంచి ఆ చివరకు తిప్పి చూడకుండా బండి బయటికి పంపకూడదు.

మూడో దారి ఒకటి కొన్ని చోట్ల చూస్తున్నాం, అది దారి కాదు. ఉన్న డ్రాప్ ఆర్మ్‌నే గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో వంచడం. లేదా లింకు రాడ్డును కోసి మధ్యలో ముక్క పెట్టి వెల్డింగు చేయడం. డ్రాప్ ఆర్మ్ అంటే ఉక్కును మూసలో కొట్టి, కాల్చి, చల్లార్చి గట్టిదనం తెచ్చిన వస్తువు. దాన్ని మళ్ళీ ఎర్రగా కాల్చితే ఆ గట్టిదనం పోతుంది. పైకి మాత్రం ఏ తేడా కనిపించదు. బ్రేకు పోతే గేరు ఉంది, హ్యాండ్ బ్రేకు ఉంది. డ్రాప్ ఆర్మ్ విరిగితే డ్రైవరు చేతిలో మిగిలేది ఒట్టి చక్రం. ఈ పని చేయమని ఎవరైనా అడిగితే మేము బండి తాళం తిరిగి ఇచ్చేస్తాం. నాలుగు మాటలు పడ్డా సరే.

వాలు సరయ్యాక టై రాడ్డు సంగతి. పెద్ద టైరు వేస్తే బరువు పెరుగుతుంది, రాయికి తగిలినప్పుడు దెబ్బా పెరుగుతుంది. మామూలు టై రాడ్డు వంగిపోవచ్చు. మందం ఎక్కువున్న గొట్టంతో చేసిన రాడ్డు మంచిది, అది కూడా అతుకు లేని గొట్టం అయి ఉండాలి. దాని ఒక కొసకు కుడి మర, రెండో కొసకు ఎడమ మర ఉంటుంది. అందుకే గొట్టాన్ని తిప్పితే రెండు చక్రాల మధ్య కొలత మారుతుంది. జాయింటు మర గొట్టంలోకి ఎంత లోతు దిగిందో చూడాలి. కొలత కలవడం కోసం చివరి నాలుగు మరల మీద నిలబెట్టకూడదు.

బాల్ జాయింటు కాడ కింది నుంచి పైకి సన్నబడుతూ ఉంటుంది. ఆర్మ్‌లోని రంధ్రం కూడా అదే వాలుతో ఉండాలి. వేరే బండి జాయింటు తెచ్చి, రంధ్రం పెద్దది చేసి కూర్చోబెడితే కాడ ఒకచోట మాత్రమే తగిలి ఊగుతూ ఉంటుంది, కొన్నాళ్ళకు తెగుతుంది. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించాలి గాని వదులు చేయకూడదు. పాత పిన్ను తిరిగి వాడకూడదు. షెడ్డు పనిలో ఇంతకంటే చవకైన వస్తువు లేదు, అయినా దానిచోట తీగముక్క చుట్టిన బళ్ళు మాకు వస్తూనే ఉంటాయి.

తరవాత క్యాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు సాయం చేస్తుంది. జీపు ముందు యాక్సిల్‌కూ అలాంటి వాలు కొన్ని డిగ్రీలు ఉంటుంది. షాకిల్ పొడవు పెంచితే యాక్సిల్ తిరిగిపోయి ఆ వాలు మారుతుంది. వాలు తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, బండి రోడ్డంతా ఈదుతుంది. కమానుకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు ముక్క పెట్టి దీన్ని సరిచేయవచ్చు. అది కూడా ఉక్కుదే ఉండాలి, మెత్తని లోహంది పెడితే బరువుకు నలిగి యూ బోల్టులు వదులవుతాయి. ఫోర్ వీల్ బండి అయితే యాక్సిల్ తిప్పినప్పుడు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు కోణం కూడా మారుతుంది. కొండదారుల్లో నెమ్మదిగా పోయే బండికి షాఫ్టు కోణం ముఖ్యం, హైవే మీద తిరిగే బండికి క్యాస్టర్ ముఖ్యం. రెండూ పూర్తిగా దక్కవు. యజమాని ఎక్కడ తిప్పుతాడో అడిగి పనిచేయాలి.

వేగం అందుకున్నాక ఒక్క గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైతే డ్రైవర్లు "వాబ్లింగ్" అంటారు. చక్రం చేతిలో నిలవదు. దీనికి ఒక స్టీరింగ్ డ్యాంపర్ కొని బిగిస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. డ్యాంపర్ మంచి వస్తువే, రాళ్ళ దెబ్బ చేతికి రాకుండా ఆపుతుంది. కానీ వాబ్లింగ్ పుట్టేది అరిగిన కింగ్ పిన్ను నుంచో, వదులు బేరింగు నుంచో, తగ్గిన క్యాస్టర్ నుంచో, బ్యాలెన్సు లేని టైరు నుంచో. డ్యాంపర్ ఆ జబ్బును కొన్ని నెలలు కప్పిపెడుతుంది. డ్యాంపర్ తీసేసినా బండి తిన్నగా పోవాలి. అప్పుడే దాన్ని బిగించాలి.

పవర్ స్టీరింగ్ గురించి తమ్ముళ్ళు ఎక్కువగా అడుగుతారు. పెద్ద టైర్లకు అది హాయే. అయితే అది పుట్టించే బలమంతా బాక్సు బిగించిన చోట ఛాసిస్ మీద పడుతుంది. పాత జీపుల ఛాసిస్ అక్కడ చిట్లడం మామూలు. బాక్సు వెనక దళసరి రేకు వేసి బలపరచకుండా పవర్ బాక్సు బిగించడం పనికిరాదు. ఇంకో మాట. బాక్సులో ప్లే తగ్గించడానికి పైన ఒక స్క్రూ ఉంటుంది. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే దాన్ని సర్దాలి. అతిగా బిగిస్తే ప్లే పోయినట్టే ఉంటుంది గాని లోపలి పళ్ళు అరిగిపోతాయి, మలుపు తరవాత స్టీరింగ్ వెనక్కి రాదు.

ఇప్పటివరకు చెప్పింది కమాన్ల మీద నడిచే ముందు యాక్సిల్ గురించి. 2010లో వచ్చిన థార్ వంటి బళ్ళలో ముందు చక్రాలు దేనికది విడిగా, టోర్షన్ బార్ల మీద ఊగుతాయి. వాటిలో బార్ బోల్టు తిప్పి ముందుభాగం లేపడం పది నిమిషాల పని. కానీ అలా లేపగానే చక్రాల కొలతలన్నీ మారిపోతాయి. అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్లు ఒక పక్కే అరుగుతాయి, పై జాయింటు కోణం చివరికి చేరి త్వరగా పోతుంది. ఆ బళ్ళను కొంచెం లేపి ఆగడం మంచిది.

మన నౌపడకు ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటుంది, ఉప్పు. మడుల గట్ల మీద తిరిగే బండికి కింద అంతా ఉప్పు తడి పడుతుంది. సముద్రం గాలి సరేసరి. బాల్ జాయింటు మీద రబ్బరు టోపీ చిన్న చీలిక పడితే చాలు, ఉప్పునీరు లోపలికి పోయి గ్రీజును కడిగేస్తుంది, కొద్ది నెలల్లో బంతి గుంటలు పడుతుంది. కొండమీద తిరిగే బండికి ఎన్నాళ్ళో వచ్చే జాయింటు ఇక్కడ త్వరగా పోవడానికి కారణం ఇదే. కమాను పట్టీల మధ్య తుప్పు పట్టి అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు కమాను కదలదు, దెబ్బంతా స్టీరింగ్ మీద పడుతుంది. మడుల్లోంచి వచ్చిన రోజునే మంచినీళ్ళతో బండి కింద కడగాలి. నిపుల్ ఉన్న జాయింట్లలో పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టాలి. నిపుల్ లేని జాయింట్లు ఇప్పుడు ఎక్కువ వస్తున్నాయి. మా ఉద్దేశంలో ఉప్పు దారి బళ్ళకు నిపుల్ ఉన్నవే వెతికి వేసుకోవాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళనుంచి వచ్చిన కేసులో ఈ సంగతే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అన్నారు. అరిగిన జాయింటు మార్చి కొత్తది వేయడం మరమ్మతు, దానికి భయం లేదు. ఎత్తు లేపడం అలాంటిది కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఇదే పేచీ వస్తుంది. ఇలా మార్చడమే తప్పని మేము అనడం లేదు. ఐస్‌లాండ్ దేశంలో మంచు మీద తిరగడానికి పికప్పులను బాగా ఎత్తు లేపి పెద్ద టైర్లు వేస్తారు. అక్కడి ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ మార్చిన టయోటా హైలక్స్ 2007లో ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమం కోసం ఉత్తర అయస్కాంత ధ్రువం దగ్గరికి వెళ్ళింది. అక్కడ అది ఇంజనీర్లు లెక్క కట్టి చేసే పని. మన దగ్గర ఖాళీ మైదానాల్లో పోటీలకు తిప్పే బళ్ళ సంగతి వేరు. మనుషులను ఎక్కించుకుని ఘాట్ ఎక్కే బండిని ఎత్తు లేపకుండా ఉంచడమే మేము యజమానులకు ఇచ్చే సలహా. ఎత్తు పెరిగితే బండి బరువు కేంద్రం కూడా పైకి పోతుంది, పైన పదిమంది కూర్చుంటే చెప్పేదేముంది.

ఇప్పటికే ఎత్తు లేపి ఉన్న బండిని పరీక్షించడానికి ఇద్దరు మనుషులు, పావుగంట చాలు. బండి నేలమీద నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాయి పెట్టండి. ఒకరు సీట్లో కూర్చుని చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. రెండోవారు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి చూడాలి. ఒక ముక్క కదిలి పక్క ముక్క కదలకపోతే ప్లే అక్కడే ఉంది. తరవాత ముందు చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, కుడి ఎడమలు పట్టుకుని ఊపండి. ఊగితే టై రాడ్డు జాయింట్లు చూడాలి. పైన కింద పట్టుకుని ఊపితే బేరింగు, కింగ్ పిన్ను సంగతి తెలుస్తుంది. బాక్సు బోల్టుల చుట్టూ మట్టి తుడిచి ఛాసిస్‌కు చీలిక ఉందేమో టార్చిలైటుతో చూడండి. చివరగా రెండడుగులు వెనక్కి జరిగి లింకు రాడ్డు ఎంత వాలి ఉందో పక్కనుంచి, ముందునుంచి చూడండి.

పని పూర్తయ్యాక స్టీరింగ్ చక్రం వంకరగా ఉంటే కొందరు చక్రాన్ని ఊడదీసి తిన్నగా పెట్టేస్తారు. అలా చేస్తే బాక్సు లోపల మధ్య స్థానం తప్పుతుంది, ఒక పక్క మలుపు తక్కువ తిరుగుతుంది. లింకు రాడ్డు పొడవు సర్దే చక్రాన్ని తిన్నగా తేవాలి. ఆ తరవాత ఖాళీ బండిని ఖాళీ రోడ్డు మీద ముందు 20 వేగంతో, తరవాత 40 వేగంతో నడిపి చూడాలి. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ షెడ్డుకు తెప్పించి యూ బోల్టులు, డ్రాప్ ఆర్మ్ నట్టు బిగింపు చూడాలి. కొత్త కమాను కట్ట బరువుకు సర్దుకునేసరికి యూ బోల్టులు ఎంతో కొంత వదులవుతాయి.